ఆరు అధ్యాయాల్లో ఒకే బ్యాండు మేళం

మార్చి 14, శనివారం

నా పేరు బోని దేముడమ్మ. వయసు డెబ్బై మూడు. ఆధార్ కార్డులో డెబ్బై అని ఉంది, ఆ మూడేళ్లు ఎవరు మింగారో నాకు తెలియదు. గాజువాక దాటాక, స్టీల్ ప్లాంటుకి ఊరు పోయినవాళ్ల కాలనీలో మా ఇల్లు. ఇంట్లో నలుగురం. నేను. కొడుకు సింహాద్రి, ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని. కోడలు పుష్ప, అచ్యుతాపురంలో కంపెనీ పని, తెల్లారకుండా బస్సెక్కితే పొద్దుపోయాకే రావడం. మనవరాలు నిఖిత, ఇంజనీరింగు మూడో ఏడు, మధురవాడలో హాస్టల్లో ఉంటుంది. నా ఫిర్యాదు ఆ నాలుగో మనిషి మీద.

నాకు చదువు రాదు. రాస్తున్నది పక్కింటి రోజారమణి. బట్టలు కుడుతుంది, ఇంటరు దాకా చదివింది. ఆమెది మా మతం కాదు, అందుకే పిలిచాను. మా సంఘంలో మనిషి చేత రాయిస్తే సాయంత్రం ప్రార్థనకల్లా సంఘమంతటికీ కంఠతా వచ్చేస్తుంది. నన్ను పుస్తకం భాషలో పెట్టమన్నాను. నోటితో అన్న మాటలు మాత్రం, నావైనా సరే, ఎవరు ఎలా అంటే అలాగే రాయమన్నాను. సాక్ష్యం కదా. ఈ నోట్సు పిడికెడు బియ్యం కుండలో ఉంటుంది. వండినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి పేరున వేసే కుండ అది. అందులో ఇంకెవరూ చెయ్యి పెట్టరు.

సంగతి ఇది. నిఖిత మూడో తరగతి నుంచి నాకు రోజుకో అధ్యాయం బైబిలు చదివి వినిపిస్తోంది. మొదటి నుంచి వరుసగా, ఒక్కటీ దాటకుండా, అయిపోతే మళ్లీ మొదటి నుంచి. హాస్టల్లో చేరినప్పుడు దాని చేత ఒట్టు వేయించుకున్నాను. పొద్దున్న ముందు దేవుడి మాట, తర్వాతే కాలేజీ. చదివి ఫోన్లో పంపించాలి. నేను రోజూ ఐదింటికి లేచి వింటాను. రోజూ వింటాను అన్న మాట గట్టిగా రాయమన్నాను. రోజారమణి కింద గీత కూడా గీసింది.

ఇప్పుడు పేర్ల దగ్గర ఉన్నాం. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు, అధ్యాయాల కొద్దీ అదే వరస. సోమవారం అధ్యాయంలో పేర్ల వెనకాల ఎక్కడో దూరంగా బ్యాండు మేళం వినపడింది. పెళ్లి ఊరేగింపు. మంగళవారం అధ్యాయంలో అదే పాట కొంచెం దగ్గరకి వచ్చింది. బుధవారం డప్పులు. గురువారం పెళ్లి వాళ్లు హాస్టలు గోడ కిందే ఉన్నారు, పేర్లు వినపడలేదు. శుక్రవారం వీధి మలుపు తిరిగారు. శనివారం అధ్యాయంలో ఒక్క బాకా మాత్రం, పోతూ పోతూ.

ఒక పెళ్లి ఊరేగింపు సోమవారం బయల్దేరి శనివారం దాకా నడుస్తుందా? ఆరు అధ్యాయాలూ అది ఒక్క పూట కూర్చుని చదివేసింది. రోజుకొకటి చొప్పున పంపిస్తోంది. దేవుడికి వారం కూడు ఒక్కరోజే వండి ఫ్రిజ్జులో పెట్టింది.

రోజారమణి ఫోను చూసింది.

"అవును మామ్మా, అన్నిటి మీదా ఫార్వర్డ్ అని ఉన్నాది. ముందే సేసి పెట్టుకున్నాది."

వచ్చే ఈస్టరు తెల్లవారి అప్పికొండ ఒడ్డున సముద్రంలో బాప్తిస్మాలు. నిఖిత పేరు ఉంది. మా సంఘం ఆచారం ప్రకారం మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే మూడో ఆదివారం లేచి, సంతకమో వేలిముద్రో ఉన్న కాగితం ఇవ్వాలి. నేను లేస్తాను.

నేను పంతొమ్మిదో ఏట బాప్తిస్మం పొందాను. సముద్రంలోంచి తల ఎత్తేసరికి వెలుగు కనపడింది. ఆ సాక్ష్యం యాభై నాలుగేళ్లుగా చెబుతున్నాను, సంఘంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. అలాంటి మనిషి మనవరాలు ఫ్రిజ్జు భక్తితో నీళ్లలో దిగకూడదు.

మార్చి 15, ఆదివారం

మొదటిసారి పేర్లు చదివారు. ఏడుగురు. మాది నాలుగో పేరు. నిఖిత రాలేదు, కాలేజీలో ఉద్యోగం పరీక్షలకి ఆదివారం క్లాసులట.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద చలమయ్యని పట్టుకున్నాను. కాగితం ఎలా ఉండాలో కనుక్కోవాలి కదా.

"ఎవలి మీదమ్మా అభ్యంతరం?" అన్నాడు.

"నా మనవరాలి మీద."

"ఓలమ్మ. దాని పేరు కిస్మస్ రోజున ఇచ్చింది నువ్వే కదేటి."

"ఇచ్చినదాన్నే తీయిత్తాను."

"ఇంట్లో కూకొని మాటాడుకుంటే అవదా? పిల్ల పేరు మైకులో నలగ్గొట్టడం ఎందుకు? మొన్న దాలయ్య కొడుకు మీద ఎవడో లేచాడు. ఆ కుర్రోడు ఇప్పటిదాకా గుడి గుమ్మం తొక్కలేదు, గేపకం ఉన్నాదా?"

"ఇల్లు ఏరు, సంఘం ఏరు. ఆ మాట పోయినాదారం నువ్వే పలికావు."

"నాను పలికింది బిరియానీ గిన్నెలు ఇళ్లకి పట్టుకుపోవద్దని, దేముడమ్మా."

అతనితో వాదించే తీరిక నాకు లేదు. క్రిస్మస్ తర్వాత నన్ను స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని చేశారు. సోమ, బుధ ఇంటి ప్రార్థనలు. మంగళవారం ఉపవాస కూటం. గురువారం ఆసుపత్రిలో రోగులకి ప్రార్థన. శుక్రవారం, ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమకాల కూటం. తెల్లారి నాలుగున్నరకి మొదలుపెడితే ఇంటికొచ్చి పడేసరికి కాళ్లు కాళ్లు కావు. దేవుడి పని అంటే అది.

మార్చి 16, సోమవారం

పొద్దున్న అధ్యాయం వచ్చింది. వినలేదు. కాగితం ఇచ్చేదాకా సాక్ష్యం చెడిపోకూడదు.

మార్చి 18, బుధవారం

ఇంట్లో తెలిసిపోయింది. చలమయ్య గాజువాకలో మా వాడికి ఎదురుపడి చెప్పేశాడు.

సింహాద్రి అన్నం ముందు కూర్చుని కలపలేదు.

"అమ్మా, దానికి ఎనిమిదింటికి ల్యాబ్బు. సాయంత్రం దాకా క్లాసులు. అప్పుడు రికార్డులు రాయాల. ఆదారం కూడా కాళీ నేదు. ఆరు అధ్యాయాలు సదివిందా నేదా? సదివింది. ఎప్పుడు సదివితే ఏటి?"

"నీ ఓనరు వారం పనీ శనారం సేత్తానంటే ఒప్పుకుంటాడేటి?"

"పని అయితే ఒప్పుకుంటాడు."

"దేముడు నీ ఓనరు కాడు."

"నువ్వూ కావు," అన్నాడు. ఆ తర్వాత మాట చిన్నగా అన్నాడు. "సంఘంలో దాని పేరు తీయించీసినావనుకో. అది మరి గుడికి రాదమ్మా. ఇంటికీ రాదు. నాకు ఒక్కర్తే కూతురు."

కోడలు పుష్ప మంచినీళ్లు పెట్టి వెళ్తూ వెళ్తూ ఆగింది. ఆమె మాట్లాడేది తక్కువ.

"అత్తా, దాన్ని దేముడికి దగ్గర సేద్దామనా, నీకు దగ్గర సేసుకుందామనా?"

అలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

మార్చి 20, శుక్రవారం

నిన్న ఉగాది, రోజారమణి రాయలేదు. పచ్చడి తెచ్చింది. తిన్నాను. ఆ మాట రాయొద్దన్నాను. రాసింది.

రేపు మధురవాడ వెళ్తాను. కళ్లతో చూసి వస్తే కాగితం బలంగా ఉంటుంది. చెప్పకుండా వెళ్తాను.

మార్చి 21, శనివారం

వెళ్లాను. వచ్చాను. బస్సులో సీటు దొరికింది.

మార్చి 22, ఆదివారం

రెండోసారి పేర్లు చదివారు. నాలుగో పేరు దగ్గర చలమయ్య నా వైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను.

స్త్రీల సమాజంలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. గొంతు బాగులేదని కూర్చున్నాను.

మార్చి 23, సోమవారం

రోజారమణి మొదటి నుంచి రాసిందంతా నాకు చదివి వినిపించింది. వినిపించి, పెన్ను మూతపెట్టి, కుట్టుమిషను మీద చెయ్యి ఆనించి అడిగింది.

"మామ్మా, ఒక్క మాట. తిట్టకు."

"తిట్టేదో కాదో విన్నాక సూద్దాం."

"బ్యాండు మంగళారంకి దగ్గరకొచ్చింది, బుధారంకి డప్పులొచ్చాయి అని రాయించినావు కదా. రోజూ ఇంటే మంగళారం నాడే అనుమానం రావాల. గురువారం పెళ్లోలు గోడ కిందకి వచ్చినప్పుడైనా నన్ను పిలవాల. నన్ను శనారం మధ్యాన్నం పిలిచినావు. ఆరూ ఒక్కపాలే ఇన్నావు కదూ?"

నువ్వు ఇంక రాయక్కర్లేదు, నేను మా ఇంటికి పోతాను అన్నాను. ఆ మాట కూడా రాసింది. నేను పోలేదు.

ఆమె కాసేపు మిషను కుట్టుకుంది. నేను వాళ్ల వరండాలో కూర్చున్నాను. కంపెనీల నల్లధూళి అరుగు మీద పడుతుంటే రెండుసార్లు తుడిచాను. ఆ తర్వాత లోపలికొచ్చి, రాయి అన్నాను. మధురవాడలో జరిగింది రాయి.

హాస్టలు నాలుగో అంతస్తు. లిఫ్టు పాడు. మోకాలు పట్టుకుని ఎక్కాను. గదిలో నలుగురు పిల్లలకి నాలుగు మంచాలు, నడుమ నడవడానికి అడుగు చోటు. నిఖిత లేదు. మంచం మీద ఒక పిల్ల ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉంది. గోడకి కాగితం అంటించి ఉంటే, అదేమిటని అడిగాను.

"నిఖిత టైం టేబులు మామ్మా. ఎనిమిదికి కాలేజీ, నాలుగున్నరకి కోడింగు, ఏడుకి రికార్డులు. శనారం సాయంత్రం ప్రేయరు, కింద పార్కింగులో మా అయిదుగురికీ తనే చేయిస్తాది. ఆదారం మధ్యాన్నం మూడు నుంచి అయిదు, మామ్మ."

"దేముడు అని రాయలేదా?"

"లేదు. మామ్మ అనే ఉంది. ఎర్ర ఇంకుతో."

నిఖిత నాలుగింటికి వచ్చింది. నన్ను చూసి ముందు నవ్వింది, తర్వాత నా ముఖం చూసి మానేసింది. మేడ మీదకి తీసుకెళ్లింది, నీళ్ల ట్యాంకు నీడలోకి. బట్టలు ఆరేసే చోటు. అక్కడే చదువుతుందట. బ్యాండు సంగతి మొత్తం అడిగాను. అది అబద్ధం చెప్పలేదు. నేను దానికే సిద్ధపడి వెళ్లాను, అబద్ధం చెబుతుందని.

"అవును మామ్మా. ఆదారం ఒక్కపాలే చదివీసాను. సంక్రాంతి సెలవులయినాక కూడా కొన్నాళ్లు రోజూ చదివాను. అయిదింటికి లేచి, మెట్ల మీద కూకొని. నువ్వు వినలేదు."

"నాను రోజూ ఇంటన్నాను."

"మామ్మా, నాను పంపిందాని పక్కన చిన్న మైకు బొమ్మ ఉంటాది. నువ్వు విన్నాక అది నీలం రంగవుద్ది. వినకపోతే అవదు. సోమారంది అవదు. మంగళారంది అవదు. శనారం మధ్యాన్నం ఆరూ ఒక్కసారే నీలం అయిపోతాయి. మూడు వారాలు చూశాను. మరి నాను రోజూ లేవడం ఎందుకని ఆదారం పెట్టుకున్నాను. నాను ఆదారం చదువుతాను, నువ్వు శనారం వింటావు. మజ్జిలో దేముడు కాళీగా ఉంటాడు."

నాకు ఆ బొమ్మ సంగతి తెలియదు. ఆ ఫోను నా మీద సాక్ష్యం చెబుతుందని ఎవరూ చెప్పలేదు.

అది మళ్లీ అంది, బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా. "నాను అడిగినదానికి జవాబు కూడా పంపలేదు."

"ఏటడిగావు?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఏమడిగిందని అడిగితే వినలేదని ఒప్పుకున్నట్టే. రోజూ వింటున్నానని అప్పటికే మూడుసార్లు అన్నాను.

"ఆలోసిత్తన్నాను," అన్నాను.

"రెండు నెలల నుంచా?" అంది.

బస్సు ఎక్కించింది. సీటు దొరికింది. ఆ మాట ఒక్కటే మొన్న రాయించాను.

మార్చి 24, మంగళవారం

ఉపవాస కూటానికి వెళ్లలేదు. అధ్యక్షురాలిని అయ్యాక ఇదే మొదటిసారి. మా కార్యదర్శి చిట్టెమ్మ ఫోను చేసింది, ఒంట్లో బాగులేదా అని. గొంతులో సంతోషం దాచుకోలేకపోయింది.

రోజారమణి జాకెట్లు పక్కన పెట్టి జనవరి నుంచి ఫోన్లో ఉన్న అధ్యాయాలన్నీ వరసగా పెట్టింది. ఏమిటి వెతకాలో మాకిద్దరికీ తెలియదు. నిఖిత ఎక్కడో ఏదో అడిగింది. ఎక్కడ, ఏమిటి, తెలియదు.

పేర్లు, పేర్లు. ఇన్ని పేర్లు ఎవరికి కావాలి?

మార్చి 25, బుధవారం

దొరకలేదు. పదకొండు విన్నాం. నాకు మధ్యలో నిద్ర వచ్చింది. రోజారమణి లేపింది.

"శనారాలు కూడా ఇలగేనా మామ్మా?"

ఇలాగే. శనివారం మధ్యాహ్నం మంచం మీద పడుకుని దిండు పక్కన పెట్టుకుని నొక్కుతాను. ఒకటి అయ్యాక ఇంకొకటి దానంతట అదే పాడుకుపోతుంది. రెండో అధ్యాయంలో కళ్లు మూతపడతాయి. ఆ వారం బ్యాండు డప్పుకి లేచాను. డప్పు లేకపోతే ఆ ఆరూ నిద్రలోనే నీలం అయిపోయేవి.

మార్చి 26, గురువారం

రోజారమణికి పెళ్లివాళ్ల బట్టలు ఇవ్వాలి, సాయంత్రం దాకా రాలేదు. నేనే నొక్కి విన్నాను. ఏది ఏ రోజుదో నాకు తెలియదు. విన్నదే మూడుసార్లు విన్నాననుకుంటాను.

ఒకటి గమనించాను. ఆ పిల్ల ఒక్క పేరు దాటలేదు. నోరు తిరగని పేరు దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ పలుకుతుంది. నేను వినడం లేదని తెలిసిన వారాల్లో కూడా.

మార్చి 27, శుక్రవారం

దొరికింది. జనవరి 28, బుధవారంది. అధ్యాయం అయిపోయింది. కొంచెం సేపు ఏమీ లేదు, ఎక్కడో బకెట్టులో నీళ్లు పడుతున్న చప్పుడు. ఆ తర్వాత దాని గొంతు, గుసగుసగా. రోజారమణిని మాట పొల్లుపోకుండా రాయమన్నాను.

"మామ్మా, ఒక మాట. నా పేరు ఇచ్చీసినావు కదా. నువ్వు నీళ్లలోంచి లేచేసరికి వెలుగొచ్చిందని చెప్తావు కదా. నాకు ఏటీ అనిపిత్తల్లేదు. చదువుతన్నాను, నోరు కదులుతంది, అంతే. ప్రార్థన చేస్తంటే ల్యాబ్ రికార్డు గుర్తొస్తంది. దిగి లేచినాక నాకు వెలుగు రాకపోతే నాను దొంగతనంగా దిగినట్టేనా? నీకెప్పుడైనా ఇలగ ఉన్నాదా? ఫోను చెయ్యకు, రూములో అందరూ ఉంటారు. మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకొని మాట్లాడు, నాకొచ్చీస్తాది. తిట్టినా పర్లేదు."

దాని పక్కన మైకు నీలంగానే ఉందని రోజారమణి చెప్పింది. అంటే నేను విని కూడా ఊరుకున్నానని ఆ పిల్ల అనుకుంది. రెండు నెలలు.

ఈ పూట ఇంకేమీ రాయించను.

మార్చి 28, శనివారం

నిఖిత మధ్యాహ్నం వచ్చింది. రేపు మూడో ఆదివారం కదా, ఎవరు లేచినా ఎదురుగా ఉండాలని వచ్చానంది. ఆ మాట నా ముఖం మీదే అంది. నా పోలికే.

నేను గుమ్మంలో కూర్చుని దేవుడి బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. అది ఎదురుగా కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. పక్కన రోజారమణిని కూర్చోబెట్టాను. నిఖిత వింతగా చూసింది.

"ఈవిడెందుకు?"

"రాత్తాది."

"ఏటి రాత్తాది?"

"నీ మీద కేసు. సగం అయ్యాక నా మీదకి తిరిగీసింది."

అప్పుడు చెప్పాను. బియ్యం వైపు చూస్తూ చెప్పాను.

"నీ ప్రశ్న నాను నిన్న ఇన్నాను. నిన్నే. అంతకు ముందు ఇనలేదు. తొంగున్నాను."

అది రాయి ఏరడం ఆపింది.

"వెలుగు లేదే," అన్నాను.

"ఏటి?"

"నాకు ఏ వెలుగూ రాలేదు. ముక్కులోకి ఉప్పునీళ్లు ఎళ్లిపోయి దగ్గొచ్చింది. ఆ రోజు పొద్దున్న ఇసకలో సేపలు ఎండేసి ఎళ్లాను. మీ తాత కాపలా ఉంటానన్నాడు, ఎక్కడికో పోయాడు. నీళ్లలోంచి తలెత్తేసరికి నాకు అవుపడింది కుక్క. నా సేపల కాడికి ఎల్తన్నాది."

నిఖిత నవ్వలేదు. రోజారమణి పెన్ను పెట్టి నోరు మూసుకుంది.

"మరి వెలుగని ఎందుకు చెప్పావు?"

"నాకు ముందు లేచినావిడ ఆకాశం తెరుసుకున్నాది అని ఏడ్సింది. ఆవిడెనకాల లేచినావిడ చేతులెత్తింది. మిషనరీ దొరసానమ్మ నా దగ్గరకొచ్చి ఏటి కనపడిందమ్మా అనడిగింది. నాను కుక్కంటే బాగుంటాదేటి? ఒకపాలి వెలుగన్నాక మరి తియ్యలేకపోయాను. యాభై నాలుగేళ్లు."

నేను మునిగిన మా పాత ఊరి ఒడ్డు ఇప్పుడు పోర్టు గోడవతల ఉంది. వెళ్లి చూద్దామన్నా రానివ్వరు.

అది చాలాసేపు బియ్యంలో వేళ్లు ఆడించింది. తన పాత ప్రశ్న ఉండగానే ఇంకో ప్రశ్న వేసింది.

"మరి ఇన్నాళ్లూ ఎలగ ఉన్నావు మామ్మా? ఏటీ కనపడకుండా?"

నేను అలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పనని పైన రాయించాను. చెప్పాను.

"ఆదారం గుడికి ఎల్లాల, ఎళ్లాను. వండినప్పుడు పిడికెడు తియ్యాల, తీసాను. ఉన్నాడనిపించిన రోజులున్నాయి. ఏటీ అనిపించని సంవత్సరాలున్నాయి. మీ తాత పోయినాక నాలుగేళ్లు నా ప్రార్థన గోడకి సెప్పినట్టే ఉండీది. పిడికెడు మాత్రం తగ్గించలేదు. అంతే నాకు తెలిసింది. అంతకన్నా తెలుసునని అందరికీ సెప్పుకుని తిరిగాను."

"అదీ లెక్కేనా?"

"నాకు తెల్దు. తెలుసునని సెప్పను. ఇంక సెప్పను."

అది నా చేతిలోంచి చేట లాక్కుని తనే చెరిగింది. సరిగ్గా చెరగడం రాదు. నూకలన్నీ అరుగు మీద పోసింది. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండటం ఎంత కష్టమో రోజారమణికి తెలుసు.

మార్చి 29, మట్టల ఆదివారం

మూడోసారి పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు లేవచ్చని చలమయ్య అన్నాడు. లేచాను. సంఘమంతా ముందే నా వైపు తిరిగి ఉంది. సింహాద్రి తల దించుకున్నాడు. పుష్ప నిఖిత చెయ్యి పట్టుకుంది.

కాగితం ఇచ్చాను. పొద్దున్న రోజారమణి రాసింది. నాలుగు వాక్యాలు. చలమయ్య కళ్లజోడు పెట్టుకుని లోలోపల చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు.

"దేముడమ్మా, ఇందులో అభ్యంతరం ఎవలి మీద?"

"బోని దేముడమ్మ మీద."

"నీకు బాప్తిస్మం అయిపోయి యాభై నాలుగేళ్లయింది. ఇప్పుడు అభ్యంతరమంటే నానేటి సేసీది? నిన్ను నీళ్లలోంచి ఎనక్కి లాగాలా?"

నవ్వారు. నవ్వనిచ్చాను. తర్వాత మైకు అడిగి చెప్పాను. పేర్ల అధ్యాయాల్లో నిద్రపోయిన సంగతి. శనివారం ఆరూ ఒక్కసారే విని రోజూ వింటున్నానని చెప్పిన సంగతి. నేను వినకపోవడం చూసి పిల్ల కూడా ఒక్కసారే చదివిన సంగతి. కుక్క సంగతి.

కుక్క దగ్గర ఎవరూ నవ్వలేదు. చిట్టెమ్మ లేచింది.

"మరి మా ఇంటి ప్రార్థనలో ఆ వెలుగు సాక్ష్యం సెప్పి మా ఆడపడుసుని ఏడిపించినావు కదేటి?"

"మీ ఆడపడుసు దగ్గరకొచ్చి కుక్క సంగతి కూడా సెప్తాను. సోమ, బుధ కూటాలు మాత్రం నువ్వే సూసుకో. ఆ పూట నాను ఇంట్లో ఉండాల."

చలమయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిఖితని లేవమన్నాడు.

"అమ్మాయీ, మీ మామ్మ సంగతి మేం సూసుకుంటాం. నీ పేరు ఉంచమంటావా, తీసీమంటావా?"

అది తల్లి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. తీసేయమంటే ఆ తప్పు నాది. ఉంచమంటే నా కోసం అన్నదేమోనని జన్మంతా పీకుతుంది.

"ఉంచండి," అంది. "కానీ నీళ్లలోంచి లేచినాక ఏటి కనపడిందని ఎవరూ అడక్కండి. అడిగితే, కనపడిందే చెప్తాను. ఏటీ కనపడకపోతే కనపడలేదనే చెప్తాను."

చలమయ్య కొంచెం ఆలోచించి ఆమెన్ అన్నాడు. ఇంకేమనాలో తెలియక అన్నాడనుకుంటాను.

మార్చి 30, సోమవారం

ఐదింటికి లేచాను. రాలేదు. ఐదుంబావుకి రాలేదు. వరండాలోకి వెళ్లాను, లోపలికి వచ్చాను. సింహాద్రి లేచి, "అమ్మా, నువ్వు కూకో," అన్నాడు. కూర్చోలేదు.

ఐదున్నరకి వచ్చింది. విన్నాను, నిలబడి, చివరి దాకా. అధ్యాయం అయ్యాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంచాను, ఇంకేమైనా ఉందేమోనని. వెనకాల బ్యాండు లేదు. ఒక కాకి. ఎవరో మెట్లు దిగుతూ, "నిక్కీ, బస్సు," అన్నారు. "వస్తన్నా" అంది. అంతే.

పేర్లు ఇంకా అయిపోలేదు, మళ్లీ వచ్చాయి. ఇంకో అధ్యాయం ఉందట.

నేను ఇంతకు ముందు ఆ ఫోన్లో ఎప్పుడూ మాట్లాడి పంపలేదు. రోజారమణి చూపించింది. మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కి పట్టుకున్నాను. ఈ రోజు అధ్యాయంలో విన్న పేర్లలో నాకు గుర్తున్నవి చెప్పాను. నాలుగు గుర్తున్నాయి. ఐదోది తప్పు చెప్పాననుకుంటాను. వేలు తీశాను.

వెళ్లిందా అని అడిగాను. వెళ్లింది అంది రోజారమణి. నీలం అయిందా అని అడిగాను. ఇంకా లేదు, క్లాసులో ఉంటాది, సాయంత్రం చూద్దాం అంది.

సాయంత్రం దాకా మూడుసార్లు అడిగాను. మూడోసారి అయింది అంది.

పైన రాయించిందంతా నాకు చదివి వినిపించగా విన్నాను. నిద్రపోలేదు. మొదటి రోజు గీత గీయించిన మాట కొట్టేయమన్నాను. రోజారమణి కొట్టేయలేదు, ఉండనీ అంది. ఉండనిచ్చాను.

బోని దేముడమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
రోజారమణి, రాసిన మనిషి.
బోని నిఖిత, ఈ పేజీ ఫోటో తీసి పంపగా హాస్టల్లో చదివి, తన పేరు రాయమన్నది.